డాన్చిచ్ కంటే ముందు ఇద్దరు: ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో కాలేజీ కుర్రాళ్లనూ విదేశీ కుర్రాళ్లనూ తూచేదెలా

2018 జూన్‌లో అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ జరిగే నాటికి స్లోవేనియా కుర్రాడు లూకా డాన్చిచ్ వయసు 19 ఏళ్లు. అంతకు నెల రోజుల ముందే బెల్‌గ్రేడ్‌లో రియల్ మాడ్రిడ్ జట్టుతో యూరప్ క్లబ్బుల అగ్రశ్రేణి పోటీ యూరోలీగ్ కప్పు ఎత్తాడు. ఆ సీజన్‌కు యూరోలీగ్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అతనే, చివరి నాలుగు జట్ల పోరు ఫైనల్ ఫోర్ ఎంవీపీ అతనే, స్పెయిన్ లీగ్ ఎంవీపీ కూడా అతనే. 2017లో స్లోవేనియా యూరప్ దేశాల టోర్నీ యూరోబాస్కెట్ గెలిచినప్పుడు ఆ జట్టుకూ అతను ఆయువుపట్టు. పంతొమ్మిదేళ్ల కుర్రాడు యూరప్‌లో సాధించడానికి ఇంకేమీ మిగల్లేదు. అయినా ఆ రాత్రి అతని పేరు మూడోదిగా వినిపించింది. మొదట అరిజోనా యూనివర్సిటీ సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడగరి) డిఆండ్రే ఎయిటన్ పేరు పిలిచారు, తర్వాత డ్యూక్ యూనివర్సిటీ ఫార్వర్డ్ మార్విన్ బ్యాగ్లీ పేరు.

దీనికి చాలామంది చెప్పే కారణం ఒకటుంది: అమెరికా జట్లకు యూరప్ ఆటంటే చిన్నచూపు, అక్కడి కుర్రాళ్ల గురించి సరిగా తెలియదు. ఆ వాదన ఇక్కడ నిలవదు. ఎయిటన్‌ను తీసుకున్న ఫీనిక్స్ సన్స్‌కు అప్పుడే కొత్త కోచ్‌గా వచ్చిన ఇగోర్ కొకోష్కోవ్, ఏడాది కిందట స్లోవేనియాను యూరప్ విజేతగా నిలిపిన కోచ్. డాన్చిచ్ ఆటలో లోటుపాట్లు ఆయనకు తెలిసినంతగా అమెరికాలో మరెవరికీ తెలియవు. బ్యాగ్లీని తీసుకున్న శాక్రమెంటో కింగ్స్‌లో ఆటగాళ్ల ఎంపిక బాధ్యత వ్లాదే దివాట్స్‌ది. సెర్బియాకు చెందిన దివాట్స్ తానే 1989 డ్రాఫ్ట్‌లో పార్టిజాన్ క్లబ్బు నుంచి లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కు వచ్చిన సెంటర్. ఆ జట్టు ప్రధాన యజమాని వివేక్ రణదివే ముంబయిలో పుట్టినవాడు. అమెరికా బయటి ప్రతిభను శంకించే మనిషి అనుకోవడానికి లేదు. ఇక మూడో స్థానంలో పిలిచిన అట్లాంటా హాక్స్ కూడా డాన్చిచ్‌ను ఉంచుకోలేదు. అదే రాత్రి డాలస్ మావెరిక్స్‌కు ఇచ్చేసి, బదులుగా ఓక్లహోమా యూనివర్సిటీ గార్డ్ (బంతి నడిపించే ఆటగాడు) ట్రే యంగ్‌తో పాటు భవిష్యత్తులో ఒక మొదటి రౌండ్ ఎంపిక హక్కునూ తీసుకుంది.

యూరప్‌ను బాగా ఎరిగినవాళ్లు ఉన్న జట్లే అతన్ని వదిలేశాయి. కాబట్టి లోపం సమాచారంలో లేదు, తూచే పద్ధతిలో ఉంది. కాలేజీ ఆటగాణ్ణి, విదేశీ క్లబ్బు ఆటగాణ్ణి పక్కపక్కన పెట్టి పోల్చడం ఎందుకంత చిక్కుగా ఉంటుందో, ఎక్కడెక్కడ కన్ను మోసపోతుందో విప్పి చూడటానికే ఈ వ్యాసం.

ముందుగా పద్ధతి గురించి క్లుప్తంగా. ఎన్‌బీఏలో 30 జట్లు. ఏటా జూన్‌లో రెండు రౌండ్లలో దాదాపు 60 మంది కొత్త ఆటగాళ్లను ఎంచుకుంటాయి. ముందు సీజన్‌లో వెనకబడిన జట్లకు లాటరీ ద్వారా ముందు స్థానాలు దక్కుతాయి. 2006 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం అమెరికా కుర్రాడు హైస్కూలు ముగించి ఏడాది గడవాలి, ఆ సంవత్సరంలో 19 నిండాలి. ఆ ఏడాదిని ఎక్కువ మంది కాలేజీ జట్టులో గడుపుతారు. విదేశీ కుర్రాడు 19 నిండే సంవత్సరం నుంచి పేరు నమోదు చేసుకోవచ్చు. 22 నిండే సంవత్సరంలో దానంతట అదే అర్హత వచ్చేస్తుంది. ఎంపిక చేసే జట్టు ముందు కాబట్టి రెండు రకాల దస్త్రాలు ఉంటాయి. ఒక దాంట్లో ముప్ఫై పైచిలుకు కాలేజీ మ్యాచ్‌లు, ఇంకో దాంట్లో వృత్తి క్లబ్బులో పెద్దవాళ్ల మధ్య ఆడిన నిమిషాలు. ఈ రెండింటికీ కొలబద్ద ఒకటే కాదు.

పదహారు ఎప్పుడు ఇరవై ఒకటికి సమానం?

2017-18 సీజన్‌లో డ్యూక్ తరఫున బ్యాగ్లీ సగటు 21 పాయింట్లు, 11 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతిని అందుకోవడం). అరిజోనాలో ఎయిటన్ సగటు 20 పాయింట్లు, 11కు పైగా రీబౌండ్లు. యూరోలీగ్‌లో డాన్చిచ్ సగటు 16 పాయింట్లు. కాగితం మీద చూస్తే స్లోవేనియా కుర్రాడు వెనకబడ్డాడు. అయితే బ్యాగ్లీ ఒక్కో మ్యాచ్‌లో 33 నిమిషాలకు పైగా ఆడాడు, డాన్చిచ్ 26 నిమిషాల దగ్గరే ఆగాడు. ఇద్దరి లెక్కలనూ 36 నిమిషాలకు సర్దితే చెరో 22 పాయింట్ల దగ్గర నిలుస్తారు. తేడా మాయమైంది.

ఇది లెక్కలో తేలికైన భాగం. నిమిషాలను సర్దడం ఎవరైనా చేస్తారు, జట్ల దగ్గర పనిచేసే విశ్లేషకులు ఇంకా లోతుగా చేస్తారు. కష్టమంతా తర్వాత మొదలవుతుంది: ఆ 22 పాయింట్లు ఎవరి మీద వచ్చాయి? డ్యూక్ సీజన్ తొలి వారాల్లో చిన్న కాలేజీలతో ఆడే మ్యాచ్‌లు కొన్ని ఉంటాయి. అక్కడ ఆరడుగుల పదకొండు అంగుళాల కుర్రాడికి ఎదురు నిలిచేది అతనికంటే నాలుగైదు అంగుళాలు పొట్టివాడు. చదువు ముగిశాక బాస్కెట్‌బాల్ వదిలేసి ఉద్యోగం చూసుకునే విద్యార్థి. యూరోలీగ్‌లో డాన్చిచ్‌కు ఎదురైనవాళ్లు 28, 30 ఏళ్ల వృత్తి ఆటగాళ్లు. జీతం, మరుసటి ఏడాది కాంట్రాక్టు, కొందరికైతే ఇంటి అప్పు వాయిదాలు కూడా ఆ మ్యాచ్ మీదే ఆధారపడి ఉంటాయి. వాళ్లు పంతొమ్మిదేళ్ల పిల్లవాడని జాలి చూపరు. ఫ్లాట్ పిచ్ మీద రంజీ డబుల్ సెంచరీనీ, బంతి తిరిగే పిచ్ మీద టెస్టులో కొట్టిన 60 పరుగులనూ ఒకే తక్కెడలో వేయకూడదని క్రికెట్ చూసే తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు.

అలాగని యూరప్ అంకెలన్నీ బరువైనవనీ, కాలేజీ అంకెలన్నీ తేలికవనీ తీర్మానించినా పొరపాటే. యూరోలీగ్ వేరు, స్పెయిన్ లీగ్ వేరు, అడ్రియాటిక్ లీగ్ వేరు, గ్రీస్ రెండో డివిజన్ వేరు. యానిస్ అంటెటోకున్‌పో 2013లో 15వ స్థానంలో ఎంపికయ్యేసరికి ఆడుతున్నది ఆ గ్రీస్ రెండో డివిజన్‌లోనే, ఫిలథ్లిటికోస్ అనే చిన్న ఏథెన్స్ క్లబ్బుకు. అక్కడ అతను చేసిన పాయింట్లను బట్టి ఏ సూత్రమూ రెండు ఎంవీపీలను, 2021 ఛాంపియన్‌షిప్‌ను ఊహించలేదు. మిల్వాకీ బక్స్ చూసింది అతని చేతుల పొడవును, పరుగును, పొడగరిలో అరుదైన పాస్ చేసే చూపును. అంకెలు లేని చోట కంటితోనే తూచాలి. అలా తూచినప్పుడు పొరపాట్లూ ఎక్కువే.

కోచ్ ఇచ్చిన పాత్ర

నా ఉద్దేశంలో ఈ మొత్తం విషయంలో జనం తక్కువగా పట్టించుకునేది పాత్ర. కాలేజీ కోచ్ పేరున్న కుర్రాణ్ణి రప్పించుకునేటప్పుడే అతని చుట్టూ ఆట అల్లుతానని మాట ఇస్తాడు. పది షాట్లు వరసగా తప్పినా పదకొండోది వేయమంటాడు. యూరప్ క్లబ్బు కోచ్‌కు అలాంటి వెసులుబాటు లేదు. నాలుగు మ్యాచ్‌లు ఓడితే ఉద్యోగం పోతుంది. కొన్ని లీగుల్లో అయితే అడుగున నిలిచిన జట్టు కింది డివిజన్‌కు జారిపోతుంది కూడా. కుర్రాడు రెండుసార్లు బంతి పోగొట్టుకుంటే వెళ్లి బెంచీ మీద కూర్చోవలసిందే. అందుకే యూరప్‌లో ఒక టీనేజర్ సగటు 6 పాయింట్లు అంటే దానికి రెండు అర్థాలు ఉండవచ్చు: అతనికి చేతకాక కావచ్చు, లేదా అతనికి బంతి ఇవ్వక కావచ్చు.

దీన్ని బ్రాండన్ జెన్నింగ్స్ కథ కంటే తేటగా చెప్పేది లేదు. 2008లో హైస్కూలు ముగించిన ఈ కాలిఫోర్నియా గార్డ్ కాలేజీకి వెళ్లకుండా ఇటలీలో రోమ్ క్లబ్బుకు వెళ్లాడు. ఆ దారి తొక్కిన మొదటి పేరున్న అమెరికా కుర్రాడు అతనే. అక్కడ ఆడింది తక్కువ, కూర్చున్నది ఎక్కువ. ఇటలీ లీగ్‌లో అతని సగటు 6 పాయింట్లు కూడా దాటలేదు. 2009 డ్రాఫ్ట్‌లో పదో స్థానంలో మిల్వాకీ తీసుకుంది. సీజన్ మొదలైన రెండు మూడు వారాలకే, నవంబరులో, గోల్డెన్ స్టేట్ వారియర్స్ మీద 55 పాయింట్లు కొట్టాడు. మనిషి అతనే, చేయి అదే. రోమ్‌లో అతని పాత్ర వేరు, మిల్వాకీలో వేరు. జెన్నింగ్స్ ఆ తర్వాత గొప్ప ఆటగాడు కాలేకపోయాడు, అది నిజమే; కానీ రోమ్ అంకెలు చూసి అతన్ని కొట్టిపారేసిన వారి లెక్క మాత్రం తప్పిందని 55 పాయింట్లు చెప్పాయి.

దీనికి ఎదురు దిక్కులో జిమ్మర్ ఫ్రెడెట్ ఉన్నాడు. 2010-11లో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ తరఫున సగటున 28.9 పాయింట్లు చేసి దేశమంతటిలో మొదటి స్థానంలో నిలిచాడు. అప్పటికి నాలుగో ఏడాది విద్యార్థి, వయసు 22. జట్టు ఆట అంతా అతని చేతి మీదుగానే నడిచేది. ఎన్‌బీఏలో నిలదొక్కుకోలేకపోయాడు. తర్వాత చైనాకు వెళ్లి షాంఘై జట్టుకు ఒక సీజన్‌లో సగటున 37 పాయింట్లకు పైగా చేశాడు. మూడు చోట్లా షూటింగ్ నైపుణ్యం ఒకటే. చుట్టూ ఉన్న రక్షణ వేగం, అతనికి దొరికిన స్వేచ్ఛ వేరు.

ఆ కోణంలోనే నికోలా యోకిచ్‌ను చూడాలి. 2014లో డెన్వర్ నగ్గెట్స్ అతన్ని 41వ స్థానంలో ఎంచుకుంది. అతని పేరు చెబుతున్న సమయంలో అమెరికా టీవీలో ఫాస్ట్ ఫుడ్ ప్రకటన నడుస్తోంది. అప్పటికి అతను ఆడుతున్న బెల్‌గ్రేడ్ క్లబ్బు మెగా, పెద్ద క్లబ్బులకు భిన్నమైనది. కప్పులు గెలవడం కంటే కుర్రాళ్లను ఆడించి పై స్థాయికి పంపడమే దాని పని. అంటే యూరప్‌లో ఉంటూనే కాలేజీ కోచ్ ఇచ్చేటంత బంతి యోకిచ్ చేతికి దొరికింది. అతని పాసింగ్ అక్కడి వీడియోల్లో ఎవరికైనా కనిపించేదే. ఆటగాళ్లను వెతికే స్కౌట్ల కన్ను మాత్రం అతని ఒంటి మీద నిలిచింది: కొవ్వు పట్టిన శరీరం, ఎగరలేని కాళ్లు. ఎంపికైన వెంటనే అమెరికా రాకుండా ఇంకో ఏడాది అక్కడే ఉండి అడ్రియాటిక్ లీగ్ ఎంవీపీ అయ్యాడు. ఆ ఒక్క ఏడాది ఆగి డ్రాఫ్ట్‌కు వచ్చి ఉంటే 41 దాకా జారేవాడు కాదనే నేను నమ్ముతాను. మూడు ఎంవీపీలు, 2023లో డెన్వర్‌కు తొలి ఛాంపియన్‌షిప్ ఆ తర్వాతి సంగతి.

కోర్టు ఒకటే అనిపిస్తుంది

నిబంధనలు మూడు చోట్లా మూడు రకాలు. ఎన్‌బీఏ మ్యాచ్ 48 నిమిషాలు. యూరప్‌లో పాటించే అంతర్జాతీయ సమాఖ్య ఫిబా నిబంధనల మ్యాచ్, కాలేజీ మ్యాచ్ రెండూ 40 నిమిషాలు. షాట్ వేయడానికి ఎన్‌బీఏలో, యూరప్‌లో 24 సెకన్లు. కాలేజీలో 30, 2015కు ముందైతే 35. మూడు పాయింట్ల గీత యూరప్‌లో 6.75 మీటర్లు, ఎన్‌బీఏలో ఎదురుగా 7.24 మీటర్లు. కాలేజీ వాళ్లు 2019-20 సీజన్ నుంచి యూరప్ కొలతకు మారారు, అంతకు ముందు ఇంకా దగ్గరగా ఉండేది. పాత కాలేజీ అంకెలతో నేటి అంకెలను పోల్చేవారు ఈ మార్పును తరచూ మరిచిపోతారు.

వీటన్నిటికంటే నాకు ముఖ్యంగా తోచేది రక్షణ వైపు మూడు సెకన్ల నిబంధన. ఎన్‌బీఏలో బుట్ట కింది రంగు గడిలో డిఫెండర్ ఎవరినీ కాపలా కాయకుండా మూడు సెకన్లకు మించి నిలబడితే తప్పు. యూరప్‌లో, కాలేజీలో ఆ నిబంధన లేదు. ఏడడుగుల సెంటర్ బుట్ట కింద పాతుకుపోయి నిలబడవచ్చు. దాంతో బంతి పట్టుకుని లోపలికి దూసుకెళ్లే గార్డ్‌కు యూరప్‌లో దారి ఇరుకు. ఎన్‌బీఏలో పాయింట్లు చేయడం యూరప్‌లో కంటే తేలిక అని డాన్చిచ్ డాలస్ వెళ్లాక బహిరంగంగానే అన్నాడు. కొందరు దాన్ని గొప్పలు చెప్పుకోవడం అనుకున్నారు. నిబంధనలు తెలిసినవారికి అది ఉన్న మాట.

రియల్ మాడ్రిడ్ నాటి వీడియోల్లో డాన్చిచ్ పిక్ అండ్ రోల్ ఒకటి నెమ్మదిగా తిప్పి చూస్తే ఈ సంగతి కళ్లకు కడుతుంది. తోటి సెంటర్ అడ్డు నిలవగానే తనను కాపలా కాస్తున్నవాణ్ణి వీపు వెనక్కి తెచ్చుకుంటాడు. అక్కడి నుంచి పరుగెత్తడు, వేగం తగ్గిస్తాడు. వెనకున్నవాడు ముందుకు రాలేడు, అతన్ని తోస్తే ఫౌల్. ఎదురుగా బుట్ట దగ్గర ఉన్న సెంటర్‌కు రెండే దారులు: ముందుకొస్తే తల మీదుగా పాస్ పోతుంది, ఆగితే అతని చేతుల మీదుగా ఎత్తి వేసే చిన్న షాట్, ఫ్లోటర్, పడుతుంది. ఎవరు ముందు కదులుతారా అని డాన్చిచ్ ఒక డ్రిబుల్ అదనంగా వేసి ఎదురు చూస్తాడు. మూల నుంచి సాయానికి వచ్చే మూడో డిఫెండర్ పాదం కదిలిన క్షణంలో బంతి ఆ మూలకే వెళుతుంది. ఇందులో ఎత్తు ఎగరడం లేదు, మెరుపు వేగం లేదు. ఇరుకు గదిలో ముగ్గురిని ఒకేసారి చదవడం ఉంది. అంత ఇరుకులో ఇది చేయగలిగినవాడు విశాలమైన ఎన్‌బీఏ కోర్టులో ఇంకా బాగా చేస్తాడని ఊహించడం కష్టమేమీ కాదు. 2018లో మొదటి రెండు జట్లు ఆ ఊహ చేయలేదు.

చేయకపోవడానికి కారణం ఉంది. అతనికి కాళ్లలో వేగం లేదని, ఎన్‌బీఏ గార్డ్‌లను కాపలా కాయలేడని, పైగా ఇప్పటికే ఎదిగినంత ఎదిగిపోయాడని అనుకున్నారు. ఈ చివరి మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కాలేజీ కుర్రాడిలో లోపం కనిపిస్తే దాన్ని ఎదగడానికి మిగిలిన చోటుగా లెక్కిస్తారు. యూరప్ కుర్రాడు పెద్దవాళ్ల మధ్య పెద్దవాడిలా ఆడితే, ఇక ఎదుగుదల అయిపోయిందంటారు. ఎయిటన్ కంటే డాన్చిచ్ వయసులో ఏడు నెలలు చిన్నవాడు! నైపుణ్యం ముందే రావడాన్ని శిక్షించే ఈ లెక్క ఎంత ఖరీదైనదో తర్వాతి సంవత్సరాలు చూపాయి. డాన్చిచ్ మొదటి సీజన్‌లో రూకీ ఆఫ్ ద ఇయర్ (ఆ ఏటి మేటి కొత్త ఆటగాడు), రెండో సీజన్ నుంచి వరసగా ఐదేళ్లు లీగ్ అత్యుత్తమ ఐదుగురిలో ఒకడు. ఎయిటన్ 2021లో ఫైనల్స్ దాకా వెళ్లిన జట్టుకు సెంటర్, కాబట్టి అతన్ని వ్యర్థ ఎంపిక అనలేం. బ్యాగ్లీని నాలుగేళ్లు తిరగకుండానే కింగ్స్ వేరే జట్టుకు పంపేసింది. డాలస్ శివార్లలో స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలకు మాత్రం 2025 ఫిబ్రవరిలో డాన్చిచ్ లేకర్స్‌కు మారేదాకా అతని ఆట సొంత ఊళ్లో చూసే అవకాశం దక్కింది.

డార్కో నీడ

యూరప్ కుర్రాళ్లను తూచేటప్పుడు అమెరికాలో ఎప్పుడూ వెంటాడే పేరు డార్కో మిలిచిచ్. 2003లో లెబ్రాన్ జేమ్స్ తర్వాత రెండో స్థానంలో డెట్రాయిట్ పిస్టన్స్ ఇతన్ని తీసుకుంది. మూడో స్థానంలో వెళ్లిన కార్మెలో ఆంథనీ అప్పుడే సిరక్యూస్‌ను కాలేజీ ఛాంపియన్‌గా నిలిపినవాడు. నాలుగులో క్రిస్ బాష్, ఐదులో డ్వేన్ వేడ్. డార్కోకు 18 నిండి వారం కూడా కాలేదు. సెర్బియాలో వ్రషాట్స్ పట్టణం క్లబ్బు హీమోఫార్మ్‌లో అతను ఆడిన పెద్ద మ్యాచ్‌లు తక్కువ, అంకెలు చిన్నవి. ఖాళీ జిమ్‌లో ప్రత్యర్థి లేకుండా చేసి చూపించిన కసరత్తులు మాత్రం అందరినీ ముగ్ధుల్ని చేశాయి. ఏడడుగుల కుర్రాడు ఎడమ చేత్తో అంత సొగసుగా బంతి వేస్తుంటే ఎవరి కన్నయినా చెదురుతుంది. డెట్రాయిట్ మరుసటి ఏడాదే ఛాంపియన్ అయింది, అలాంటి జట్టులో అతనికి ఆడే నిమిషాలు దొరకలేదు. అతను ఏనాడూ కోలుకోలేదు.

ఈ కథ నుంచి నేర్చుకోవలసింది ఒకటి: తగినంత ఆట చూడకుండా కసరత్తులు చూసి కొనవద్దు. లీగ్ నేర్చుకున్నది వేరొకటి: యూరప్ పొడగరులతో జాగ్రత్త. అంతకు ముందు ఏడాది ఐదో స్థానంలో వచ్చిన జార్జియా కుర్రాడు నికోలోజ్ స్కితిష్విలీ కూడా విఫలం కావడంతో ఆ భయం బలపడింది. మరి కాలేజీ నుంచి వచ్చి విఫలమైనవారో? 2006లో మూడో స్థానం ఆడమ్ మోరిసన్, 2009లో రెండో స్థానం హషీం తబీత్, 2013లో ఏకంగా మొదటి స్థానం ఆంథనీ బెనెట్. వీళ్లను చూసి ‘కాలేజీ ఆటగాళ్లు నమ్మదగరు’ అని ఎవరూ అనలేదు. కాలేజీ కుర్రాడి వైఫల్యం అతని ఒక్కడి ఖాతాలో పడుతుంది. విదేశీ కుర్రాడి వైఫల్యం అతని ఖండం మొత్తం ఖాతాలో పడుతుంది. ఇది అన్యాయమే కాదు, లెక్క ప్రకారం కూడా తప్పు. ఎన్‌బీఏలో రాణించిన యూరప్ ఆటగాళ్లు డర్క్ నోవిట్స్కీ, పావ్ గసోల్, టోనీ పార్కర్‌ల వరసను అదే ఖాతాలో జమ చేయాలి కదా.

భారతదేశానికి దీంట్లో ఒక చేదు అధ్యాయం ఉంది. 2015లో డాలస్ 52వ స్థానంలో ఎంచుకున్న సత్నామ్ సింగ్ భమారా, ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి భారతీయుడు. పంజాబ్ పల్లె నుంచి ఫ్లోరిడాలోని శిక్షణ అకాడమీకి వెళ్లాడు. ఇటు కాలేజీలో ఆడలేదు, అటు విదేశీ వృత్తి లీగ్‌లోనూ ఆడలేదు. ఏడడుగుల రెండు అంగుళాల పొడవు తప్ప అతని దస్త్రంలో తూచదగిన ఆట దాదాపు లేదు. ఎన్‌బీఏ మ్యాచ్ ఒక్కటీ ఆడలేకపోయాడు. పద్ధతైన పోటీలో రెండు మూడేళ్లు ఆడించి ఉంటే ఆ కథ ఎలా నడిచేదో.

ఏ కొలత ఎక్కడికైనా పనికొస్తుంది?

పాయింట్ల సగటు దారి తప్పిస్తే మరి దేన్ని నమ్మాలి? నేను ముందుగా చూసేది ఫ్రీ త్రోలు, అంటే ఫౌల్ అయినప్పుడు గీత దగ్గర నిలబడి వేసే షాట్లు. గీత దూరం అన్ని చోట్లా దాదాపు ఒకటే, 15 అడుగులు. ఎదురుగా చేయి ఎత్తి నిలబడేవాడు లేడు, కోచ్ ఇచ్చిన పాత్రతో పని లేదు, 24 సెకన్ల గడియారం లేదు. మ్యాచ్‌లో మూడు పాయింట్ల షాట్లు తక్కువగా వేసిన కుర్రాడు కూడా ఫ్రీ త్రోలు నూటికి 85 వేస్తుంటే, అతని చేయి మంచిదని, దూరం తర్వాత వస్తుందని ఆశించవచ్చు. 2011లో పార్టిజాన్ నుంచి ఆరో స్థానంలో వాషింగ్టన్‌కు వచ్చిన చెక్ ఫార్వర్డ్ యాన్ వెసెలీ ఈ పరీక్షలోనే దెబ్బతిన్నాడు. ఎగిరేవాడు, పరుగెత్తేవాడు, ఫ్రీ త్రోలు మాత్రం పడేవి కావు. షూటింగ్ రాని ఫార్వర్డ్‌ను ఎన్‌బీఏ జట్లు వదిలేసి మిగతావాళ్లను చుట్టుముట్టాయి. మూడు సీజన్లకే వెనుదిరిగి టర్కీ వెళ్లాడు. అక్కడ సెంటర్‌గా స్థిరపడి 2019లో యూరోలీగ్ ఎంవీపీ అయ్యాడు. ఒక చోట పనికిరాడనిపించుకున్నవాడే మరో చోట అందరికంటే గొప్పవాడయ్యాడు. ఎన్‌బీఏకు పనికిరాకపోవడానికీ, ఆట రాకపోవడానికీ మధ్య ఎంత దూరం ఉందో అతని జీవితం చూస్తే తెలుస్తుంది.

తర్వాత స్టీల్స్ (ప్రత్యర్థి చేతిలోంచి బంతి లాక్కోవడం), బ్లాక్స్ (ప్రత్యర్థి షాట్‌ను అడ్డుకోవడం). ఇవి కోచ్ గీసి ఇచ్చిన ఆటలోంచి రావు. చేతి వేగం, ముందుచూపు ఉంటేనే వస్తాయి కాబట్టి ఒక లీగ్ నుంచి ఇంకో లీగ్‌కు బాగానే వెంట వస్తాయి. అసిస్టుల (పాయింట్లు తెచ్చిన పాస్‌ల) విషయంలో జాగ్రత్త అవసరం. పాస్ అందుకున్నవాడు ఫౌల్‌కు గురై ఫ్రీ త్రో వేసినా ఫిబా లెక్కల్లో అసిస్టు దక్కుతుంది, అమెరికా లెక్కల్లో దక్కదు. ఇక వయసు. ఒకే డ్రాఫ్ట్‌లో 18 ఏళ్ల ఆరు నెలల కుర్రాడు, 22 నిండిన నాలుగో ఏడాది విద్యార్థి పక్కపక్కన ఉంటారు. ఈ వయసులో ఏడాది తేడా శరీరంలోనూ ఆటలోనూ చాలా పెద్ద తేడా. డాన్చిచ్ లెక్కలో అసలు బరువు అక్కడే ఉంది: అంత చిన్న వయసులో యూరోలీగ్ ఎంవీపీ అంతకు ముందు ఎవరూ కాలేదు.

కాంట్రాక్టుల చిక్కు గురించి రెండు మాటలు చాలు. కాలేజీ కుర్రాడు ఎంపికైన వెంటనే వస్తాడు. యూరప్ కుర్రాడికి క్లబ్బుతో ఒప్పందం ఉంటుంది, దాన్ని తెంచుకోవడానికి డబ్బు కట్టాలి. ఎన్‌బీఏ జట్టు తన వైపు నుంచి ఇచ్చేదానికి పరిమితి ఉంది. 2009లో ఐదో స్థానంలో ఎంపికైన రికీ రూబియో మినసోటాకు 2011లో గానీ రాలేదు. ఇదే ఆలస్యం కొన్నిసార్లు వరం. 1999లో 57వ స్థానంలో ఎంచుకున్న అర్జెంటీనా గార్డ్ మను జినోబిలీని శాన్ ఆంటోనియో స్పర్స్ ఇటలీలోనే ఉండనిచ్చింది. అక్కడ యూరోలీగ్ గెలిచి, పండిన ఆటగాడిగా 2002లో వచ్చాడు.

గీత చెరిగిపోతున్న కాలం

2019 నుంచి 2025 వరకు ఎన్‌బీఏ ఎంవీపీ అయిన ప్రతి ఒక్కరూ అమెరికా బయట పుట్టినవాళ్లే: యానిస్, యోకిచ్, జోయెల్ ఎంబీడ్, షే గిల్జస్ అలెగ్జాండర్. ఇందులో కామెరూన్‌కు చెందిన ఎంబీడ్ కాన్సస్ యూనివర్సిటీ నుంచి, కెనడాకు చెందిన షే కెంటకీ యూనివర్సిటీ నుంచి వచ్చారు. పుట్టిన దేశానికీ, నడిచి వచ్చిన దారికీ సంబంధం ఎప్పుడో తెగిపోయింది. అమెరికాలో పుట్టిన లమెలో బాల్ ఆస్ట్రేలియా లీగ్‌లో ఇలవారా జట్టుకు ఆడి 2020లో మూడో స్థానంలో వచ్చాడు.

ఇప్పుడు ప్రవాహం వెనక్కి తిరిగింది. 2021లో కాలేజీ ఆటగాళ్లకు తమ పేరు, బొమ్మలతో సంపాదించుకునే హక్కు వచ్చింది. 2025 నుంచి యూనివర్సిటీలు తమ ఆదాయంలోంచే నేరుగా చెల్లించవచ్చు. యూరప్ క్లబ్బు పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఇచ్చే జీతం ఆ సొమ్ము ముందు వెలవెలబోతోంది. పదమూడేళ్ల వయసు నుంచి తాము పెంచిన కుర్రాళ్లు చేతికందే వేళకు వెళ్లిపోతున్నారని యూరప్ క్లబ్బులు వాపోతున్నాయి. వాళ్ల బాధలో న్యాయం ఉందని నేననుకుంటాను. డాన్చిచ్‌ను పదమూడేళ్లకు తెచ్చి, పదహారేళ్లకు పెద్ద జట్టులో దింపి, ఓపికపట్టి తయారుచేసింది రియల్ మాడ్రిడ్. ఆ శ్రమకు ఫలం దక్కదనుకుంటే ఏ క్లబ్బు మాత్రం అంత ఓపిక చూపుతుంది?

అదే రియల్ మాడ్రిడ్ యూత్ జట్టులో పెరిగిన రష్యా గార్డ్ యెగోర్ ద్యోమిన్ 2024లో అమెరికా వెళ్లి, ఒకనాటి ఫ్రెడెట్ కాలేజీ బ్రిగమ్ యంగ్‌లో ఒక సీజన్ ఆడాడు. ఆరడుగుల తొమ్మిది అంగుళాల పొడవులో అరుదైన పాసింగ్. సగటున ఐదుకు పైగా అసిస్టులు, మూడు పాయింట్ల షాట్లు మాత్రం నూటికి 27. మాడ్రిడ్‌లో ఉండి ఉంటే అంతసేపు బంతి అతని చేతిలో ఉండేది కాదు. అప్పుడు పాసింగూ కనిపించేది కాదు, షూటింగ్ లోపమూ బయటపడేది కాదు. 2025 డ్రాఫ్ట్‌లో బ్రూక్లిన్ నెట్స్ అతన్ని ఎనిమిదో స్థానంలో తీసుకుంది. అదే రాత్రి అదే జట్టు ఫ్రాన్స్ క్లబ్బు సాన్ కాంతాన్ నుంచి నోలన్ త్రవోరేను 19వ స్థానంలో, జర్మనీ క్లబ్బు ఉల్మ్ నుంచి బెన్ సరాఫ్‌ను 26వ స్థానంలో ఎంచుకుంది. ముగ్గురూ బంతి నడిపించే గార్డ్‌లే, వయసులోనూ పెద్ద తేడా లేదు. ఒకడు కాలేజీ అంకెలతో వచ్చాడు, ఇద్దరు యూరప్ నిమిషాలతో వచ్చారు. ఇప్పుడు ముగ్గురికీ కోచ్ ఒక్కరే, ఎదురయ్యే రక్షణ ఒక్కటే.